నెలకో ఆదివారం, మనిషికో పాట

విజయవాడ సత్యనారాయణపురంలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, డ్రెస్సులు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. షాపు పెట్టిన రోజు నుంచీ మిషను పక్కన రేడియో మోగుతూనే ఉంది. సెట్లు మారాయి గానీ వినడం మానలేదు. 2018లో ఒక సాయంత్రం ఒకావిడ జాకెట్టు కోసం వచ్చారు. డబ్బులిచ్చి సంచి అందుకున్నారు గానీ వెళ్లలేదు. రేడియోలో ఒక పాత పాట రెండో చరణంలో ఉంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయారు. నేనూ మిషను మీంచి కాలు తీసేశాను. పాట పూర్తయ్యాక ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మా నాన్నగారు గడ్డం గీసుకునేటప్పుడు ఈ పాట వస్తే ఆపేసేవారండీ. మొహం నిండా సబ్బు నురగతో అలాగే కూర్చునేవారు" అన్నారు.

అంతవరకు ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా కొలతల పుస్తకంలో ఉన్నదే. పేరు, ఛాతీ, నడుము, చేతి పొడవు. ఆ ఒక్క మాటతో వాళ్ల ఇల్లు, ఆ ఇంట్లో పొద్దున్నపూట, నురగ మొహంతో వాళ్ల నాన్నగారు అన్నీ కనిపించాయి.

ఇప్పుడు ఆవిణ్ని నేను వదినా అని పిలుస్తాను. ఇద్దరం కాస్తా ఐదుగురమయ్యాం. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం మా డాబా మీద కూర్చుని పాటలు వింటాం. గవర్నమెంటు స్కూల్లో టీచరుగా చేస్తున్న వదిన, రిటైరైన లెక్కల మాస్టారు, భర్త రైల్వే ఉద్యోగం వల్ల హనుమకొండ నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన అక్క, మా వీధికి పార్సిళ్లు తెచ్చే తమ్ముడు, నేను. షాపుకొచ్చేవాళ్లు "మేమూ ఇలా పెట్టుకోవాలంటే ఏం చెయ్యాలి" అని అడుగుతుంటారు. మెడలో టేపు వేసుకుని నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎంతమంది, ఎన్ని పాటలు

నలుగురి నుంచి ఆరుగురు. అంతకు మించొద్దు. ఒక్కో పాట నాలుగైదు నిమిషాలు, ఆ తర్వాత మాటలు పది నిమిషాలు అనుకోండి. ఐదుగురికే దాదాపు గంటంబావు పడుతుంది. టీ, టిఫినూ కలిస్తే రెండు గంటలు. ఒక సంక్రాంతికి ఉత్సాహం కొద్దీ పదకొండు మందిని పిలిచాను. సగం పాటలకే రాత్రి తొమ్మిదిన్నరయింది. చివర్లో ఉన్నవాళ్ల పాటలు వినకుండానే లేవాల్సి వచ్చింది. తన వంతు కోసం ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న ఒకమ్మాయి మొహం నాకింకా గుర్తుంది.

మనిషికి ఒకే పాట. రెండు తెస్తామంటే ఒప్పుకోకండి. ఒక్కదాన్ని ఎంచుకోవడంలోనే సగం పని జరిగిపోతుంది. మా తమ్ముడి ఫోనులో ఎనిమిది వందల పాటలున్నాయి. మొదటిసారి పిలిచినప్పుడు శనివారం రాత్రంతా ఏది తేవాలో తేలక ఒక్కొక్కటే వింటూ కూర్చున్నాడట. తెల్లారి వచ్చి, "అక్కా, నా పాటలేంటో నాకే తెలీదనిపించింది" అన్నాడు. ఆ వెతుకులాట కోసమే ఒక్క పాట నియమం.

ఇది అంత్యాక్షరి కాదని మొదటిరోజే చెప్పాలి. అంత్యాక్షరి నాకూ ఇష్టమే, పెళ్లిళ్లలో నేనే ముందుంటాను. కానీ అక్కడ పల్లవి తెలిస్తే చాలు, రెండు లైన్లు పాడి తర్వాతి అక్షరానికి పరుగెడతాం. ఇక్కడ ఒకళ్లు తెచ్చిన పాటను మిగతావాళ్లు మొదటి వాయిద్యం దగ్గర్నుంచి చివరి చప్పుడు దాకా నోరు మెదపకుండా వినాలి.

ఏ పాట తేవాలి

గొప్ప పాట తేవాలనుకుంటే పొరపాటు. అంటుకున్న పాట తేవాలి. నేను చెప్పే పరీక్ష ఒకటే. ఆ పాట విన్న చోటు చెప్పగలరా? పక్కన ఎవరున్నారో, చేతిలో ఏముందో చెప్పగలరా? చెప్పగలిగితే అదే మీ పాట. "సాహిత్యం బాగుంటుందండీ" అని మాత్రమే చెప్పగలిగితే అది అందరి పాట. దాన్ని ఇంకో రోజు వినొచ్చు.

మాస్టారు మొదటిసారి ఏ సినిమా పాటా తేలేదు. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి వచ్చే భక్తిరంజనిలో చిన్నప్పుడు విన్న ఒక తత్వం తెచ్చారు. ఈ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మాస్టారి చిన్నతనంలో వాళ్ల వీధిలో ఒక్క ఇంట్లోనే రేడియో ఉండేదట. అరుగు మీద కూర్చుని వినేవారట. "అరుగు చల్లగా ఉండేదమ్మా. ఆ చల్లదనం ఇప్పటికీ ఈ పాటలో ఉంది" అన్నారు. అంత వివరంగా చెప్పగలిగిన పాట చాలు, ఎవరు పాడారన్నది తర్వాతి సంగతి.

చాలామందికి పదిహేను, పాతికేళ్ల మధ్య విన్న పాటలే ముందు గుర్తొస్తాయి. మనిషి జీవితంలో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జ్ఞాపకాలే ఎక్కువ గట్టిగా నిలుస్తాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు కూడా చెబుతారు. అందుకే రెండు మూడు నెలలయ్యాక అందరూ కాలేజీ రోజుల చుట్టూనే తిరుగుతుంటారు. అప్పుడు విషయం ఇవ్వాలి. "సంతోషం", "విషాదం" అని ఇవ్వకండి. అవి మరీ వదులు కొలతలు, ఎవరికీ సరిపోవు. మాకు బాగా పనిచేసినవి ఇవి: బస్సులో విన్న పాట, ఇంట్లో ఒకరు పని చేసుకుంటూ కూనిరాగం తీసే పాట, పెళ్లిలో బ్యాండువాళ్లు వాయించిన పాట, అప్పుడు నచ్చక ఇప్పుడు నచ్చిన పాట, రేడియోకి ఉత్తరం రాసి కోరుకున్న పాట.

ఈ చివరి విషయం యాభై దాటినవాళ్లతో తప్పకుండా ప్రయత్నించండి. వివిధభారతి 1957లో మొదలైంది. మా తరానికి అందులో వచ్చే జనరంజని అంటే పాటలు మాత్రమే కాదు. పాటకు ముందు కోరినవాళ్ల ఊర్లు, పేర్లు వరసగా చదివేవారు. నేనెప్పుడూ చూడని ఊళ్లలో నేనెరగని మనుషులు, నాకిష్టమైన పాటనే కోరుకున్నారని విన్నప్పుడు ఒళ్లు పులకరించేది. వదిన ఆ నెల, తన పేరు రేడియోలో చదివిన రోజు గురించి చెప్పింది. ఇంట్లో కరెంటు లేదట. బ్యాటరీల కోసం వాళ్ల తమ్ముడు కొట్టుకు పరుగెత్తి వచ్చేసరికి పేరు చదవడం అయిపోయి పాట మాత్రం వినిపించిందట. ఎదురింటావిడ వచ్చి "నీ పేరు చదివారే" అని చెబితేగానీ తెలియలేదట.

డాబా మీద ఏర్పాట్లు

పాటల్ని ముందే ఫోనులోకి డౌన్‌లోడ్ చేసి ఉంచాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒకసారి అక్క కళ్లు మూసుకుని వింటుండగా చరణం మధ్యలో ఏదో ప్రకటన అరుస్తూ వచ్చింది. అక్క ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి పెట్టినా ఆ వినికిడి తిరిగి రాలేదు. అందుకే పాటలన్నీ ఒకే ఫోనులో వేసి, దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటి ఆన్ చేస్తాం. బ్లూటూత్ స్పీకరుకు ఫోను దగ్గరగా ఉంచి, పాట వినబడే ముందు ఒకసారి వాల్యూము చూసుకుంటాం. పాత రికార్డింగులు మెత్తగా, కొత్తవి గట్టిగా ఉంటాయి. ఒకే వాల్యూములో పెడితే కొత్త పాట మొదలవగానే అందరూ చెవులు మూసుకుంటారు.

చాపలు గుండ్రంగా వెయ్యకండి. అందరూ ఒకే వైపు, ఆకాశం వైపో రోడ్డు వైపో చూసేలా వేయండి. ఎదురెదురుగా కూర్చుంటే మనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఎదుటివాళ్లు చూస్తున్నారని తెలిస్తే మనిషి ఏడుపైనా నవ్వైనా ఆపుకుంటాడు. మా డాబా బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు ఉంటుంది. నా చిన్నప్పుడు అక్కడ రైలు పట్టాలుండేవి. ఇప్పుడు రైలు కూత దూరంగా జంక్షన్ వైపు నుంచి వినిపిస్తుంది. పాట మధ్యలో కూత వినిపించినా మేం ఆపం.

టీ ముందు, టిఫిను తర్వాత. పాటలప్పుడు తినడానికేమీ పెట్టకండి. పునుగులు కరకరలాడుతుంటే వీణ వినబడదు.

వినే పద్ధతి

నేను ఇదంతా రాస్తున్నది అసలు ఈ భాగం కోసమే.

పాట పెట్టేముందు, తెచ్చినవాళ్లు ఒక్క వాక్యం చెప్పాలి. అంతకన్నా వద్దు. "ఇది మా ఊరి టూరింగ్ టాకీసులో విన్నాను" చాలు. కథంతా ముందే చెప్పేస్తే మిగతావాళ్లకు కథే వినిపిస్తుంది, పాట దానికి బొమ్మలా మారిపోతుంది. కథ తర్వాత రావాలి.

పాట మోగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా "ఇప్పుడొస్తుంది చూడండి" అనకూడదు. మనకిష్టమైన చోటు దగ్గర పడుతుంటే ఆ మాట నాలిక చివరికి వచ్చేస్తుంది, నాకు తెలుసు. ఆపుకోవాలి. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పాట వింటూ ఒళ్లు జలదరించేవాళ్ల మెదడును పరీక్షించి చూశారు. డోపమైన్ అనే రసాయనం ఆ జలదరింపు క్షణంలోనే కాదు, దానికి ముందు ఎదురుచూస్తున్నప్పుడు కూడా విడుదలవుతోందని తేల్చారు. అంటే ఎదురుచూపులో కూడా ఆనందం ఉంది. పక్కవాళ్లు "ఇదిగో, ఇక్కడే" అన్నారంటే ఆ ఎదురుచూపును చేతిలోంచి లాక్కున్నట్టే.

పాట అయ్యాక అరనిమిషం మౌనం. నేను మనసులో బాబిన్‌కు దారం చుట్టుకుంటాను. నా మిషను మీద బాబిన్ నిండడానికి దాదాపు అంతే పడుతుంది. మొదట్లో ఆ అరనిమిషం చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఎవరో ఒకరు దగ్గుతారు, ఫోను చూస్తారు. మూడో నెలకు అలవాటవుతుంది. ఆరో నెలకు ఆ అరనిమిషం కోసమే వస్తారు.

తర్వాత ముందుగా మాట్లాడేది పాట తెచ్చినవాళ్లే. వాళ్లు మొదలుపెట్టేదాకా ఆగండి. ఆ తర్వాత మీరు అడిగే ప్రశ్న "ఎక్కడ", "ఎవరు", "ఎప్పుడు" అనేదై ఉండాలి. "ఎందుకు" అని అడక్కండి. "నీకీ పాట ఎందుకిష్టం" అంటే మనిషి జవాబు వెతుక్కుంటాడు, కారణాలు చెబుతాడు, పరీక్షలో కూర్చున్నట్టు టెన్షన్ పడతాడు. "అప్పుడు పక్కన ఎవరున్నారు" అంటే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఒకసారి మాస్టారు ఒక లాలిపాట పెట్టి ఏమీ మాట్లాడలేదు. వదిన నెమ్మదిగా, "ఇది ఎవరి కోసం పాడేవారు మాస్టారూ" అని అడిగింది. మూడేళ్ల వయసులోనే పోయిన చెల్లెలు ఒకతె ఆయనకు ఉండేదని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు.

నేను చేసిన తప్పొకటి ఇక్కడ చెప్పాలి. రెండో ఏడాది అక్క ఒక పాట పెట్టి, తనకు పెళ్లయి కొత్తకాపురానికి వచ్చిన రోజుల గురించి చెబుతూ, పాడిన గాయని పేరు పొరపాటుగా అంది. నేను వెంటనే "ఆవిడ కాదక్కా" అని సరిదిద్దాను. నాకు పాటల వివరాలు బాగా గుర్తుంటాయి, అది చూపించుకోవాలన్న ఆత్రం కూడా ఉందేమో. అక్క "అవునా" అని ఊరుకుంది. కొత్తకాపురం సంగతి అక్కడితో ఆగిపోయింది. తర్వాత రెండు నెలలు ఆమె చెప్పే మాటలు రెండు వాక్యాలు దాటలేదు. నేనే ఒకరోజు వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నాను. అప్పటి నుంచి మాకు నియమం ఉంది. సంగీతం ఎవరు, ఏ ఏడాది, పాడినవాళ్లెవరు అన్న మాటలన్నీ టిఫిను ప్లేట్లు చేతిలోకి వచ్చాకే.

ఎవరైనా ఏడిస్తే ఏం చెయ్యాలని అడుగుతారు. ఏమీ చెయ్యకండి. పాట ఆపొద్దు, "ఊరుకో, ఊరుకో" అనొద్దు, భుజం మీద చెయ్యి వెయ్యడానికి తొందరపడొద్దు. మంచినీళ్ల గ్లాసు అందేంత దూరంలో పెట్టండి. పాట అయ్యాక తర్వాతి పాట ఎప్పుడు పెట్టాలో వాళ్లనే అడగండి. కొందరు "పెట్టండి, పర్వాలేదు" అంటారు. కొందరు కాసేపు ఆగమంటారు. ఒకసారి వదిన కోసం పావుగంట ఆగాం. ఆ పావుగంటలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, తమ్ముడు మాత్రం కిందికి వెళ్లి అందరికీ మళ్లీ టీ పెట్టుకొచ్చాడు.

మీకు నచ్చని పాట వచ్చినప్పుడు

తప్పకుండా వస్తుంది. తమ్ముడు మొదట్లో తెచ్చినవి పెద్ద చప్పుడుతో, డీజే బాక్సుల్లో మోగే జానపద పాటలు. మాస్టారి కనుబొమలు ముడిపడ్డాయి. నేను అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. పాట నచ్చకపోయినా అందులో నచ్చిన చప్పుడు ఒక్కటి పట్టుకుని చెప్పాలి. గొంతులో విరుపు కావచ్చు, ఒక మాట కావచ్చు, వెనకాల చిన్న గంట కావచ్చు. ఒకటి పట్టుకోవాలని చెవి పెడితే పాట మొత్తం వినక తప్పదు.

మాస్టారు డప్పు దరువు పట్టుకున్నారు. వేళ్లతో మోకాలి మీద లెక్కపెట్టి, "ఇక్కడ ఒక చిన్న దెబ్బ అదనంగా పడుతోంది, అదెలా వస్తుంది" అని అడిగారు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. వాళ్ల పెదనాన్న డప్పు వాయిస్తారట. కుడిచేతిలో చిర్ర అనే లావు పుల్ల, ఎడమచేతిలో సిటికెన పుల్ల ఎలా పట్టుకుంటారో, ఆ చిన్న దెబ్బ సన్నటి పుల్లతో ఎలా వేస్తారో, వాయించేముందు డప్పును మంట దగ్గర ఎందుకు కాపుతారో అరగంట చెప్పాడు. తోలు వేడెక్కితే బిగుసుకుని గొంతు విచ్చుకుంటుందట. మాస్టారు ఆ రోజు నుంచి తమ్ముణ్ని "ఏరా" అని పిలుస్తున్నారు. అంతకుముందు "బాబూ" అనేవారు.

మాస్టారి హార్మోనియం

పాట మనసును ఎలా కదిలిస్తుందో చేత్తో ముట్టుకుని చూడాలంటే ఇది చేసి చూడండి. హార్మోనియం లేకపోతే ఫోనులో పియానో యాప్ చాలు. సంగీతం రానక్కర్లేదు. నాకూ రాదు.

నల్లమెట్లు చూడండి. మూడేసి, రెండేసి గుంపులుగా ఉంటాయి. మూడు ఉన్న గుంపులో ఎడమవైపు మొదటిది "స" అనుకోండి. అది నాలుగున్నర శ్రుతి. పాట ఏ ఎత్తున అందుకోవాలో ఇలా అంకెల్లో చెబుతారు. రెండోది "రి", మూడోది "గ". పక్కనున్న రెండింటి గుంపులో మొదటిది "ప", రెండోది "ధ". ఆ పైన మళ్లీ మూడింటి గుంపులో మొదటిది పై "స". ఈ నల్లమెట్లనే పైకీ కిందికీ నెమ్మదిగా వాయించండి. అది మోహన రాగం స్వరాలు. తేటగా, వెన్నెలలో నడుస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఒక్క "గ" మాత్రం మార్చండి. మూడో నల్లమెట్టు బదులు, రెండో నల్లమెట్టుకూ మూడో నల్లమెట్టుకూ మధ్యనున్న తెల్లమెట్టు నొక్కండి. మిగతావన్నీ అవే. అది శివరంజని. మాస్టారు ఇది చేసి చూపించిన రోజు అక్క చెయ్యి గుండె మీదికి వెళ్లింది. ఒక్క మెట్టు, అదీ అరశ్రుతి కిందికి దిగింది, అంతే. వెన్నెల అలాగే ఉంది, అందులో ఎవరో లేరన్నట్టయింది.

ఇంకొకటి. మళ్లీ నల్లమెట్ల మీదికి రండి. అవే ఐదు మెట్లు, కానీ ఈసారి మూడింటి గుంపులో మూడోదాన్ని "స" అనుకుని అక్కడి నుంచి మొదలుపెట్టి అక్కడికే చేరండి. హిందోళం వినిపిస్తుంది. రెండోదాన్ని "స" చేసుకుంటే మధ్యమావతి. కచేరీలు మంగళంగా ముగించడానికి పాడే రాగం అది. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి అవే స్వరాలు వేరే రాగమవుతాయి. ఆధార శ్రుతి కింద మోగుతూ ఉంటేనే ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకే ఒకరు "స" నొక్కి పట్టుకోండి, ఇంకొకరు వాయించండి. ఇద్దరు కలిసి చేస్తేనే తెలిసే విషయం ఇది. నాకు భలే నచ్చింది.

రికార్డు లేని పాట

మూడో ఏడాది బతుకమ్మ పండగ ముందు అక్క వంతు వచ్చింది. ఫోను తియ్యలేదు. "నా పాట ఎక్కడా దొరకదు, నేనే పాడుత" అంది. వాళ్లమ్మమ్మ పాడే బతుకమ్మ పాట. అక్క లైను అంటే మేం "ఉయ్యాలో" అందుకోవాలి. మొదటి రెండుసార్లు మాకు కుదరలేదు. మూడోసారికి చప్పట్లూ అడుగూ కలిశాయి. ఆంధ్రలో పుట్టి పెరిగిన నాకు అంతకుముందు బతుకమ్మ అంటే టీవీలో చూసిన పూలే. ఆ రోజు చీకట్లో డాబా మీద గుండ్రంగా తిరుగుతుంటే, అక్క ఇన్నేళ్లుగా ప్రతి దసరాకీ ఈ ఊళ్లో ఎంత ఒంటరిగా ఉందో తెలిసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాటలు ఉంటాయి. నాట్ల పాట, దంపుళ్ల పాట, మంగళహారతి, అమ్మ సొంతంగా కట్టిన లాలిపాట. వాటిని రికార్డు చేసి పెట్టుకోండి. ఫ్యాను ఆపండి, కుక్కరు దించండి. ఫోనును మడత పెట్టిన తువ్వాలు మీద, నోటికి మూరెడు దూరంలో పెట్టండి. టేబులు మీద నేరుగా పెడితే ప్రతి తట్టుడూ అందులో పడుతుంది. ముందు వాళ్ల పేరు, ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. రెండుసార్లు పాడించండి. రెండోసారి బెరుకు పోతుంది, మరిచిపోయిన చరణం గుర్తొస్తుంది. మధ్యలో ఆగితే అందించకండి. ఆగిన చోట వాళ్లేదో తలుచుకుంటున్నారు.

కలిసి పాడటం గురించి రెండు ముక్కలు. రికార్డు ఉన్న శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టకండి. మగవాళ్లకు ఒకటి, రెండు శ్రుతులు సుఖంగా ఉంటే ఆడవాళ్లకు నాలుగు నుంచి ఆరు బాగుంటుంది. కాబట్టి ముందు చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైను పాడి చూడండి, అది అందరికీ అందిన చోట పల్లవి మొదలుపెట్టండి. గొంతు బాగాలేదని వెనక్కి తగ్గేవాళ్లను బతిమాలైనా కలుపుకోండి. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొత్తగా మొదలైన పాటల క్లాసుల్నీ, చేతిపనులూ రచనా నేర్పే క్లాసుల్నీ కొన్ని నెలల పాటు గమనించారు. చివరికి అందరూ దగ్గరయ్యారు గానీ, పాడేవాళ్లు ముందే, మొదట్లోనే దగ్గరయ్యారు.

దూరంగా ఉన్నవాళ్లతో

డిగ్రీలో నా ప్రాణస్నేహితురాలు ఇప్పుడు డాలస్‌లో ఉంటోంది. 1989లో మేమిద్దరం డబ్బులు వేసుకుని ఒక సి-60 క్యాసెట్ కొన్నాం. పాటల జాబితా రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే నింపి ఇచ్చేవారు. ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. ఎ వైపు నా పాటలు, బి వైపు దాని పాటలు. వారం నా దగ్గర, వారం దాని దగ్గర ఉండేది. టేపు వదులైతే పెన్సిలు దూర్చి చుట్టేవాళ్లం. బి వైపు ఏడో పాట పూర్తిగా పట్టలేదు. రెండో చరణం సగంలో టేపు అయిపోయి టేప్‌రికార్డరు బటన్ టక్కున పైకి లేచేది.

వీడియో కాల్‌లో పాట వినిపించాలని మొదట ప్రయత్నించాం. కుదరలేదు. కాల్ యాప్‌లు మనిషి గొంతును ఉంచి మిగతా చప్పుడును అణిచేస్తాయి, అందుకే వయొలిన్ వచ్చిన చోటల్లా పాట మింగేసినట్టు మాయమవుతుంది. మీరిలా చెయ్యండి. ఇద్దరూ ఒకే రికార్డింగును మీ మీ ఫోనుల్లోకి వేసుకోండి. కాల్ ఇంకో ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకుని మైకు మ్యూట్ చెయ్యండి. మ్యూట్ చేసేముందు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి ఇద్దరూ ఒక్కసారే ప్లే నొక్కండి. ఒకట్రెండు సెకన్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మొహం కనిపిస్తుంటే చాలు. సమయం చూసుకోవాలి. మాకు ఆదివారం రాత్రి ఏడున్నరయితే డాలస్‌లో వేసవిలో అదే రోజు పొద్దున తొమ్మిది, చలికాలంలో ఎనిమిది.

మొదటిసారి అలా విన్నది ఆ బి వైపు ఏడో పాటే. ఇప్పుడు ఫోనులో పూర్తి పాట ఉంది. రెండో చరణం సగానికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఒడిలోంచి కొంచెం పైకి లేచింది, బటన్ ఎగిరే చప్పుడు కోసం. స్క్రీను మీద చూశాను. పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా అవతల, అది కూడా తల కొంచెం పక్కకు వంచి ఆగి ఉంది. చప్పుడు రాలేదు. పాట ముందుకు సాగింది. ముప్పై ఏళ్లు మేం వినని మిగతా సగం చరణం ఇద్దరం కలిసి విన్నాం.

మీరు మొదలుపెట్టేటప్పుడు గుంపు కోసం ఆగకండి, మొదటి ఆదివారానికి ఇద్దరు చాలు. ఒక నోటు పుస్తకం కొని తేదీ, పాట, తెచ్చినవాళ్ల పేరు, వాళ్లన్న ఒక్క మాట రాసుకోండి. మాది ఇప్పుడు రెండో పుస్తకం, కొలతల పుస్తకం పక్కనే ఉంటుంది. ఎవర్ని పిలవాలో తెలియకపోతే, ఎవరి ఇంటి ముందో, కొట్టు ముందో పాట అయ్యేదాకా వెళ్లకుండా నిలబడిపోయే మనిషి కోసం చూడండి. ఇడ్లీ పిండి శనివారం రాత్రే కొంచెం ఎక్కువ రుబ్బి ఉంచితే ఆదివారం సాయంత్రానికి పులిసి పునుగులకు సరిగ్గా వస్తుంది.